ఒక యంత్రం – రెండు వ్యవస్థలు

“ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు” అని తెలుగువారి సామెత. “ఏక్ మ్యాన్ మేఁ దో తల్వారేఁ నహీఁ రహ్ సక్తీఁ” అని ఉర్దూ వారి సామెత. రెండు భాషలూ వినిపించే మన కళాశాలలో ఈ రెండింటిలో ఒక్కటైనా వినని విద్యార్థి ఉండడు. భాషలు వేరైనా వాటి వెనుక ఉన్న లోకానుభవం ఒకటే. ఒక చోట ఇద్దరు అధికారులుంటే పొసగదని రెండూ చెబుతున్నవి. కంప్యూటరు విషయంలో మాత్రం ఈ సామెత సగమే నిజం. ఒకే యంత్రంలో రెండు నిర్వహణ వ్యవస్థలను నెలకొల్పుకొని, కోరినప్పుడు కోరినదానితో పని చేయించుకొనవచ్చును. అయితే దానికి కొన్ని నియమాలు కలవు. ఆ నియమాలు తెలియక చేయి పెడితే కలిగే నష్టం చిన్నది కాదు. మేము తెలుగు బోధించేవారమే గాని యంత్రశాస్త్రం చదివినవారం కాము. అయినను ఈ వ్యాసం వ్రాయడానికి ఒక కారణం ఉన్నది.

మర్రిగూడ నుండి వచ్చి చదువుకొనే మా విద్యార్థి ఒకడు సంచికకు వచ్చిన తెలుగు రచనలను తన ఇంటి కంప్యూటరులో టైపు చేసే బాధ్యత తీసుకున్నాడు. ఆ యంత్రం హైదరాబాదులో రెండవ చేతికి కొన్నది. ఆ ఇంటికంతటికీ అదొక్కటే. అన్న పెండ్లి ఫోటోలు, నాన్న భూమి కాగితాల నకళ్ళు, చెల్లెలి దరఖాస్తులు, మన సంచిక రచనలు అన్నీ అందులోనే ఉండేవి. తరగతిలో లైనక్స్ పేరు విని, విండోస్ పక్కన దానిని కూడ పెట్టుకోవాలని అతనికి బుద్ధి పుట్టింది. స్థాపన మధ్యలో యంత్రం ఒక ప్రశ్న వేసింది. డిస్కును పూర్తిగా తుడిచి వేయమంటారా, లేక ఉన్నదాని పక్కన చేర్చమంటారా అన్నది ఆ ప్రశ్న. అతడు మొదటిదానిని నొక్కాడు. మరునాడు వచ్చి, “సార్, కొత్తది మంచిగనే ఎక్కింది గాని పాతవన్నీ పోయినయ్” అన్నాడు. నకలు ఒకటి వేరే చోట ఉంచుమని మేము అతనికి చెప్పియుండలేదు. చేతివ్రాత ప్రతులలో సగం మేమూ దాచలేదు. కనుక తప్పులో పెద్ద వాటా మాదే. ఆ తరువాత ఏమి జరిగినదో చివర చెబుతాము.

వ్యవస్థ అంటే ఏమిటి?

కంప్యూటరు అనే లోహపు పెట్టెకు తనంతట తానుగా ఏ పనీ రాదు. ఏ ప్రోగ్రాముకు ఎంత మెమరీ ఇవ్వాలి, మీటపై పడిన వేలు ఏ అక్షరంగా మారాలి, డిస్కులో ఏ ఫైలు ఎక్కడ ఉన్నది, ప్రింటరుకు పని ఎప్పుడు పంపాలి అన్నవన్నీ చూసే పెత్తందారు ఒకడు కావాలి. ఆ పెత్తందారే ఆపరేటింగ్ సిస్టం. తెలుగులో దీనిని నిర్వహణ వ్యవస్థ అనవచ్చును. మనం వాడే ప్రోగ్రాములన్నీ దానికి విన్నవించుకొని పని చేయించుకొనేవే. ఒక వ్యవస్థకై వ్రాసిన ప్రోగ్రాము మరొక వ్యవస్థలో సాధారణంగా నడవకపోవడానికి కారణం కూడ ఇదే. విన్నపం చేసే పద్ధతి రెండుచోట్లా ఒకటి కాదు.

ఒక యంత్రంపై పలు వ్యవస్థలను నడపాలన్న కోరిక కొత్తది కాదు. ఐబిఎం సంస్థ 1972లోనే వి.ఎం.–370 అనే ఏర్పాటును ప్రకటించి, ఒకే పెద్ద యంత్రం పలు యంత్రాలవలె కనిపించేటట్లు చేసింది. 1981లో చిన్న కంప్యూటరుతోపాటు మైక్రోసాఫ్ట్ వారి డాస్ వచ్చింది. దాని వంశంలోనే విండోస్ పెరిగింది. మరొక వైపు 1983లో రిచర్డ్ స్టాల్మన్, ఎవరైనా చదివి మార్చుకొని పంచుకొనదగిన వ్యవస్థ కావాలని గ్ను ప్రణాళికను ప్రకటించాడు. 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ వ్రాసిన కెర్నెల్ దానికి తోడై, నేడు మనం లైనక్స్ అని పిలిచే వ్యవస్థ ఏర్పడింది.

ఈ రెండు ధారలూ మన హైదరాబాదులోనే కలిసి కనిపిస్తవి. 1967లో అక్కడ నెలకొన్న ఇ.సి.ఐ.ఎల్. మన దేశంలో కంప్యూటర్లు తయారు చేసిన తొలి సంస్థలలో ఒకటి. 1998లో మైక్రోసాఫ్ట్ తన భారతీయ అభివృద్ధి కేంద్రాన్ని హైదరాబాదులోనే తెరచింది. ఆ నగరంలోనే 2005లో మొదలైన స్వేచ్ఛ అనే స్వచ్ఛంద ఉద్యమం విద్యార్థుల సహాయంతో తెలుగు ముఖం గల లైనక్స్‌ను సిద్ధపరచడానికి పూనుకున్నది. 2007లో ప్రభుత్వ సంస్థయైన సీడాక్ భారతీయ భాషలకు అనువుగా బాస్ అనే లైనక్స్‌ను వెలువరించింది. కనుక ఈ రెండు వ్యవస్థలలో ఒకటి మనది, మరొకటి పరాయిది అనుకొనే అవసరం లేదు.

రెండూ ఎందుకు?

ఒకటి సరిపోదా అని అడుగవచ్చును. మన ప్రాంతపు విద్యార్థికి సరిపోదనే మా అనుభవం. ఉర్దూ పుటలు కూర్చే ఇన్‌పేజ్ విండోస్ కొరకు 1994లో పుట్టింది. తెలుగు అచ్చుశాలలలో వాడే అను లిపులు, దుకాణాల లెక్కలు వ్రాసే టాలీ కూడ విండోస్ మీదనే స్థిరపడినవి. డి.టి.పి. కేంద్రంలోనో, దుకాణంలో లెక్కలు వ్రాసే పనిలోనో చేరబోయేవాడు విండోస్‌ను విడువలేడు. ఇక ప్రోగ్రాములు వ్రాయడం, సర్వర్ల నిర్వహణ నేర్చుకొనగోరేవానికి లైనక్స్ తప్పదు. పైగా దానికి వెల లేదు. దొంగ నకలు వాడవలసిన అవసరం రాదు.

మూడవ కారణం పాత యంత్రాలకు సంబంధించినది. విండోస్ 10కు సాధారణ రక్షణ సవరణలు 2025 అక్టోబరు 14తో ముగిసినవి. విండోస్ 11 కావాలంటే 4 గిగాబైట్ల మెమరీ, 64 గిగాబైట్ల నిల్వ, వాటితోపాటు టి.పి.ఎం. 2.0 అనే రక్షణ సాధనం ఉండవలెనని నియమం. పది సంవత్సరాల క్రిందటి పెట్టెలలో చాలావాటికి ఇది చేరదు. లైనక్స్ మింట్ వంటిది 2 గిగాబైట్ల మెమరీ, 20 గిగాబైట్ల స్థలం ఉన్నా ప్రారంభమవుతుంది. 4 గిగాబైట్లుంటే హాయిగా నడుస్తుంది. తుక్కు బండికి వేయబోయే యంత్రం ఇంకొక విద్యార్థికి నాలుగైదు సంవత్సరాలు చదువు చెప్పగలదు. అట్టి యంత్రంలో విండోస్‌ను ఇంటర్నెట్ తగిలించకుండ అచ్చు పనులకు మాత్రమే ఉంచుకొని, బయటి లోకంతో సంబంధం గల పనులన్నీ లైనక్స్‌లో చేసుకొనుట ఉత్తమం.

యంత్రం మేల్కొనే విధం

మీట నొక్కగానే మొదట లేచేది విండోస్ కాదు, లైనక్స్ కాదు. మదర్‌బోర్డులో నిక్షిప్తమైన చిన్న ప్రోగ్రాము లేస్తుంది. పాత యంత్రాలలో దీని పేరు బయాస్, కొత్తవాటిలో యు.ఇ.ఎఫ్.ఐ. అది పరికరాలన్నీ ఉన్నవో లేవో చూసి, డిస్కులోని బూట్ లోడర్‌ను పిలుస్తుంది. బూట్ లోడర్ ఒక వ్యవస్థను మెమరీలోకి ఎక్కించి పెత్తనం దానికి అప్పగించి తప్పుకుంటుంది. రెండు వ్యవస్థలున్నచోట గ్రబ్ అనే బూట్ లోడర్ తెరపై రెండు పేర్లూ చూపి, ఏది కావాలని అడుగుతుంది. ఎంచుకున్నది లేస్తుంది, రెండవది డిస్కుపై నిద్రిస్తూనే ఉంటుంది. ఇద్దరు అధికారులు ఒకేసారి కొలువులో ఉండరు. కత్తులు రెండు ఇమిడిన రహస్యం ఇదే.

ఇక డిస్కు విషయం. దీనిని మన పొలంతో పోల్చి చెబితే సులభంగా తెలియును. అన్నదమ్ములు పొలం పంచుకొని హద్దురాళ్ళు పాతుకుంటారు. ఎవరి భాగం ఎక్కడి నుండి ఎక్కడి వరకో పహాణీలో ఎక్కుతుంది. డిస్కు పొలమైతే పార్టిషన్లు అందులోని భాగాలు. పార్టిషన్ పట్టిక పహాణీ. పాత పద్ధతిలో డిస్కు మొదటి 512 బైట్లలో 446 బైట్లు బూట్ లోడర్‌కు, 64 బైట్లు ఈ పట్టికకు కేటాయించారు. ఒక్కొక్క పద్దుకు 16 బైట్ల చొప్పున నాలుగు ప్రధాన భాగాలకే చోటున్నది. దాదాపు 2 టెరాబైట్లకు మించిన డిస్కును ఈ పట్టిక కొలువలేదు. జి.పి.టి. అనే కొత్త పద్ధతిలో మామూలుగా 128 పద్దులకు చోటుండి, పట్టిక నకలొకటి డిస్కు చివర కూడ భద్రపడుతుంది.

ప్రతి భాగంలోనూ వ్యవస్థ తన పద్ధతిలో ఫైళ్ళను అమర్చుకుంటుంది. విండోస్ వాడే అమరిక ఎన్.టి.ఎఫ్.ఎస్., లైనక్స్ సాధారణంగా వాడేది ఎక్స్‌ట్–4. లైనక్స్ మొదటిదానిని చదవగలదు, వ్రాయగలదు. విండోస్ మాత్రం రెండవదానిని తనంతట తాను గుర్తించదు. కనుక రెండు వ్యవస్థలకూ చెందిన ఫైళ్ళు ఉంచుకొనే ఉమ్మడి భాగం ఎన్.టి.ఎఫ్.ఎస్.లో ఉండవలెను.

స్థాపన క్రమం

మొదటి నియమం: పనికి దిగే ముందు ముఖ్యమైన ఫైళ్ళన్నీ మరొక డిస్కుకో పెన్‌డ్రైవ్‌కో ఎక్కించి, దానిని యంత్రం నుండి ఊడదీసి పక్కన పెట్టవలెను. తగిలించి ఉంచిన నకలు నకలు కాదు. తప్పు మీట నొక్కితే అది కూడ తుడిచిపెట్టుకొని పోవచ్చును.

రెండవది: కొత్త యంత్రాలలో విండోస్ తన భాగానికి బిట్‌లాకర్ అనే తాళం వేసి ఉండవచ్చును. దాని 48 అంకెల తాళపు సంఖ్యను కాగితంపై వ్రాసి ఉంచుకొనవలెను. మార్పులు జరిగిన తరువాత విండోస్ ఆ సంఖ్యను అడిగితే, లేనివాడు తన ఇంటి బయటనే నిలువవలసి వస్తుంది.

మూడవది: విండోస్ 8 నుండి ఫాస్ట్ స్టార్టప్ అనే సౌకర్యం ఉన్నది. దాని వలన యంత్రం ఆపినా విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది. అట్టి స్థితిలో దాని భాగంలో లైనక్స్ వ్రాస్తే ఫైళ్ళు చెడవచ్చును. కనుక ఆ సౌకర్యాన్ని ముందే తీసివేయవలెను.

నాలుగవది: విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్ ద్వారానే దాని భాగాన్ని కుదించి ఖాళీ చేయవలెను. 50 లేక 60 గిగాబైట్లుంటే నేర్చుకొనేవానికి చాలును. ఆ ఖాళీని అట్లే విడిచిపెట్టవలెను.

ఐదవది: లైనక్స్ ఎక్కించిన పెన్‌డ్రైవ్‌తో యంత్రాన్ని లేపి, స్థాపించకముందే ఒక గంట వాడి చూడవచ్చును. తెర, శబ్దం, వైఫై సరిగా ఉన్నవో లేవో అప్పుడే తెలియును. డిస్కుపై ఒక్క అక్షరం పడదు.

ఆరవది: స్థాపన వేళ విండోస్ పక్కన చేర్చుమనే ఎంపికను గాని, ఖాళీగా విడిచిన చోటును గాని చూపవలెను. పూర్తిగా తుడువుమనే ఎంపిక ఉన్న పుటలో వేలు మీట మీదికి పోకముందే రెండుసార్లు చదువవలెను. ఆంగ్లం పూర్తిగా అర్థం కాకపోతే అక్కడే ఆగి ఇంకొకరిని అడుగుటలో సిగ్గుపడవలసినది లేదు.

రెండు వ్యవస్థలనూ కొత్తగా పెట్టేవారు ముందు విండోస్, తరువాత లైనక్స్ పెట్టవలెను. పాత యంత్రాలలో విండోస్ స్థాపన బూట్ లోడర్ చోటును అడుగకుండానే ఆక్రమిస్తుంది. లైనక్స్ స్థాపన మామూలుగా ఉన్నవానిని గుర్తించి తన జాబితాలో చేర్చుకుంటుంది.

మెమరీ 8 గిగాబైట్లు, అంతకు మించి ఉన్నవారికి మరొక మార్గం కలదు. విండోస్ లోపలనే వర్చువల్ మెషిన్ అనే ఊహాయంత్రాన్ని సృష్టించి అందులో లైనక్స్ నడుపవచ్చును. డిస్కు హద్దులను కదిలించే పని ఉండదు కనుక భయం తక్కువ. అయితే ఒకే మెమరీని ఇద్దరూ ఒకేసారి పంచుకొంటారు కనుక చిన్న యంత్రాలు దానిని మోయలేవు.

కాపురంలో వచ్చే చిక్కులు

అన్నీ సరిగా జరిగిన తరువాత కూడ కొన్ని చిక్కులు రావచ్చును. మొదటిది గడియారం. విండోస్ మదర్‌బోర్డు గడియారంలో మన స్థానిక కాలాన్ని వ్రాస్తుంది. లైనక్స్ సాధారణంగా అందులో ఉన్నది ప్రపంచ కాలమనుకొని మన దేశానికి అయిదున్నర గంటలు కలుపుతుంది. ఉదయం 10 గంటలకు విండోస్ ఆపి లైనక్స్ లేపితే మధ్యాహ్నం 3.30 అని చూపుతుంది. ఇంటర్నెట్ ద్వారా లైనక్స్ తన లెక్క సరిచేసుకుంటే, అప్పుడు విండోస్ తెల్లవారుజామున 4.30 అంటుంది. యంత్రం చెడినదని భయపడి మెకానిక్ దగ్గరికి పరుగెత్తవలసిన పని లేదు. స్థానిక కాలాన్నే వాడుమని లైనక్స్‌కు ఒక్క ఆజ్ఞ ఇస్తే తగవు తీరిపోతుంది.

రెండవది సవరణలు. 2024 ఆగస్టులో వచ్చిన విండోస్ రక్షణ సవరణ ఒకటి, రెండు వ్యవస్థలున్న కొన్ని యంత్రాలలో లైనక్స్ లేవకుండా చేసింది. మైక్రోసాఫ్ట్ సంస్థ తానే ఆ సంగతిని అంగీకరించింది. అట్లు జరిగినప్పుడు కూడ లైనక్స్ భాగంలోని ఫైళ్ళకు ఏమీ కాలేదు, మేల్కొలిపే దారి మాత్రమే మూసుకున్నది. ద్వారం తెరుచుకొననంత మాత్రాన ఇల్లు కూలినదని తలచి, ఫార్మాట్ కొట్టించుకొని ఉన్నదంతా పోగొట్టుకొనేవారు కలరు. లైనక్స్ పెన్‌డ్రైవ్ ఒకటి ఎల్లప్పుడు దగ్గర ఉంచుకుంటే దానితో యంత్రాన్ని లేపి ఫైళ్ళు చూచుకొనవచ్చును, బూట్ లోడర్‌ను బాగుచేసుకొనవచ్చును.

పోయినవి దొరికినవా?

ఇప్పుడు మా విద్యార్థి కథకు వస్తాము. పహాణీ చినిగినంత మాత్రాన పొలం ఎక్కడికీ పోదు. డిస్కు విషయంలోను అంతే. తుడిచినప్పుడు ముందుగా పోయేది పట్టిక, ఫైళ్ళ సూచిక. కొత్త వ్రాత పడనిచోట పాత ఫైళ్ళు అట్లే ఉంటవి. కనుక తప్పు జరిగినదని తెలిసిన క్షణం నుండి ఆ యంత్రాన్ని వాడకుండ ఆపివేయుట ఉత్తమ చికిత్స. ఈ ఆశ పాత హార్డ్ డిస్కులకే ఎక్కువ. ఎస్.ఎస్.డి.లు ఖాళీ చేసిన చోటును త్వరలోనే నిజంగా శుభ్రం చేసుకుంటవి కనుక వాటిలో ఆశ తక్కువ. అతనిది అదృష్టవశాత్తు పాత డిస్కు. అతడు దానిని ఆ రోజే ఆపివేశాడు. హైదరాబాదులో తెలిసినవారి చేత వెదికించగా చాలా ఫైళ్ళు బయటపడినవి. భూమి కాగితాలు వచ్చినవి. పెండ్లి ఫోటోలలో సగం వచ్చినవి, సగం రాలేదు.

మన సంచిక రచనలు కూడ వచ్చినవి. వాటిని లైనక్స్‌లో తెరచినప్పుడు మాకొక పాఠం దొరికింది. యూనికోడ్‌లో టైపు చేసినవి చక్కని తెలుగులో కనిపించినవి. అచ్చుశాల వారి కోసం అను లిపిలో కొట్టినవి ఆంగ్లాక్షరాల గజిబిజిగా కనిపించినవి. ఒక కవిత ఏదో, దాని కవి ఎవరో గుర్తుపట్టలేకపోయాము. ఆ పద్ధతిలో ఆంగ్లాక్షరాల సంఖ్యలకే తెలుగు రూపాలు తొడిగి ఉంటారు. ఆ లిపి లేనిచోట తెలుగు ఉండదు. ఇన్‌పేజ్ పాత రూపాలలో కూర్చిన ఉర్దూ పుటల స్థితి కూడ ఇటువంటిదే. ఇన్‌పేజ్ లేనిచోట అవి తెరుచుకోవు. విండోస్ ఉన్న మరొక యంత్రం తెచ్చి, ఆ లిపిని ఎక్కించి, మా తెలుగు రచనలను తిరిగి చదువుకున్నాము.

యూనికోడ్ తొలి కూర్పు 1991లో వెలువడింది. అందులోనే తెలుగుకు 128 స్థానాలు ప్రత్యేకించారు. ఉర్దూకు ఆధారమైన అరబీ లిపికి కూడ అందులోనే చోటు దొరికింది. తెలుగు ‘అ’కు ఇచ్చిన సంఖ్య విండోస్‌లోను, లైనక్స్‌లోను, చేతి ఫోనులోను ఒక్కటే. అదే 1991 నాటి భారత ప్రమాణంలో చోటు పొందిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు రెండు వ్యవస్థలలోను సిద్ధంగా దొరుకుతుంది. తిరుమల కృష్ణదేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన అనే యూనికోడ్ లిపులు రెండింటిలోను పనిచేస్తవి. నస్తాలీఖ్‌లో ఉర్దూ చూపే నోటో లిపి కూడ అట్టిదే. ఒకే పుటలో తెలుగు ఎడమ నుండి కుడికి, ఉర్దూ కుడి నుండి ఎడమకు సాగి, రెండు వ్యవస్థలలోను తప్పు లేకుండ కనిపించుట నేడు సాధ్యమే.

విద్యార్థులారా! రెండు వ్యవస్థలు నేర్వండి. ఒకదానితో బ్రతుకుతెరువు, మరొకదానితో యంత్రం లోగుట్టు తెలియును. కాని మీ వ్రాతను ఏ ఒక్క వ్యవస్థకూ తాకట్టు పెట్టకండి. పెత్తందారులు మారుతుంటారు. ఒకనాటి డాస్ పోయింది, విండోస్ 10కు గడువు తీరింది, రేపు మరొకటి వస్తుంది. భూమి కాగితమైనా, కవితయైనా, పరీక్షకు వ్రాసుకున్న పాఠమైనా ఎవరు పెత్తనం చేసినా చదువగలిగే రూపంలో ఉండవలెను.

ఇక ముందు ఈ సంచికకు రచనలు తీసుకొనే పద్ధతిని మేము మార్చుకున్నాము. తెలుగు, ఉర్దూ రచనలు రెండూ యూనికోడ్‌లోనే స్వీకరిస్తాము. అచ్చు పుటలు కూర్చిన తరువాత కూడ మూలప్రతిని అట్లే దాచుతాము. ఒక నకలు కళాశాలలో, ఒక నకలు సంపాదకుని వద్ద, చేతివ్రాత ప్రతి బీరువాలో ఉండును. మర్రిగూడ విద్యార్థి ఇప్పుడు తన యంత్రంలో రెండు వ్యవస్థలనూ సరిగా నిలుపుకున్నాడు. కళాశాలలో ఎవరు ఆ పనికి పూనుకున్నా, అతడు పక్కన కూర్చొని మొదట అడిగే మాట ఒక్కటే: “నకలు తీసి ఊడదీసినవా?”